క్రయపత్రములోని ధరయే రేపటి సాక్ష్యము

మన శ్రీనివాసపురం తాలూకాలో ప్రతి భూమికిని రెండు ధరలు కలవు. ఒకటి తోట గట్టుమీద నిలిచి, పెద్దల సమక్షమున, మాట ఇచ్చిపుచ్చుకొని నిశ్చయించుకొను ధర. రెండవది రిజిస్ట్రేషను కచేరిలో దస్తావేజు మీద వ్రాయించు ధర. మొదటిది కొనువాడును అమ్మువాడును ఎరిగినది. రెండవది సర్కారు ఎరిగినది. ఈ రెండింటి నడుమ ఎంత అంతరమున్నను దానిని గూర్చి ఎవరును పెదవి విప్పరు. ‘సర్కారు రేటుకే వ్రాయించితిమి’ అని చెప్పుకొనుట మనలో ఒక లౌక్యముగా చెల్లుబాటగుచున్నది. ఆ లౌక్యము మనకు నిజముగా లాభమేనా యని తరతరాలుగా ఈ నేలను నమ్ముకొనియున్న తెలుగు కుటుంబములవారు ఒక్కసారి లెక్క వేసి చూచుకొనవలసిన సమయము వచ్చినది.

ముందుగా ఈ సర్కారు రేటు ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొందము. 1899 నాటి భారత స్టాంపు చట్టము ప్రకారము విక్రయ పత్రముపై సుంకమునకు ఆధారము ఆ పత్రములో చూపిన ప్రతిఫలమే. పూర్వపు మైసూరు రాష్ట్రము 1957లో తనదైన స్టాంపు చట్టమును చేసికొన్నది. నేడు కర్ణాటక స్టాంపు చట్టమని పిలుచుచున్నది దానినే. తక్కువ ధర వ్రాసిరను అనుమానము కలిగినను, అధికారి స్వయముగా విలువ కట్టుటకు పాత చట్టములో అవకాశము లేకుండెను. 1972లో హిమాలయా హౌస్ వ్యాజ్యములో సుప్రీముకోర్టు తేల్చి చెప్పినదియు ఇదియే.

ఈ లొసుగును మూయుటకు మొదట పూనుకొన్నది మన పొరుగున ఉన్న మద్రాసు రాష్ట్రము. 1967లోనే అది స్టాంపు చట్టములో 47-ఎ అను సెక్షనును చేర్చినది. ఆంధ్రప్రదేశము 1971లో ఆ త్రోవనే నడచినది. మన రాష్ట్రములో దానికి సమానమైనది 45-ఎ సెక్షను. దానిని అమలుపరచు నియమములు 1977లో వెలువడినవి. అటుపిమ్మట 45-బి సెక్షను క్రింద కేంద్ర విలువ నిర్ణాయక సమితియు, దాని క్రింద ఉపసమితులును ఏర్పడి, 2003 నాటి నియమములననుసరించి గ్రామ గ్రామమునకు, వీధి వీధికి మార్గసూచి విలువలను కట్టి ప్రకటించుచున్నవి. మనము సర్కారు రేటనునది ఈ పట్టికయే. రాష్ట్రమంతట ఈ విలువలు కడపట పెద్ద ఎత్తున సవరింపబడినది 2023 అక్టోబరు 1వ తేదీనుండి. పట్టిక విలువ, పత్రములోని ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువయో దానిపైననే సుంకము.

సుంకమెంత? విక్రయమునకు నూటికి 5 వంతులు స్టాంపు సుంకము. దానిపై సెస్సును సర్‌ఛార్జియు కలిసి గ్రామీణ ప్రాంతములలో మొత్తము 5.65, పట్టణములలో 5.6 వంతులగును. రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు 31 వరకు నూటికి ఒకటిగా నుండి, ఆనాటినుండి రెండైనది. అనగా పల్లెలో భూమి కొనువాడు నూటికి 7.65 రూపాయలు సర్కారునకు చెల్లింపవలెను. ఇది తేలికైన భారము కాదు. దీనినుండి తప్పించుకొనుటకే రెండు ధరల ఆచారము పుట్టినదనుట నిజమే. కాని దీనివలన కలుగు కష్టము రెండు విధములు. పట్టిక విలువ వాస్తవ ధరకన్న ఎక్కువైనప్పుడు ఒక అన్యాయము. తక్కువైనప్పుడు మరియొక అపాయము. మొదటిది సర్కారు మనకు చేయునది. రెండవది మనకు మనమే తెచ్చిపెట్టుకొనునది.

మొదటిదానిని చూతము. పట్టిక భూమిని గ్రామమును బట్టియు, ఖుష్కి, తరి, బాగాయతు అను తరగతిని బట్టియు విలువ కట్టును. మన తాలూకా సంగతి తెలిసినవారికి ఇది ఎంత స్థూలమైన కొలతయో చెప్పనక్కరలేదు. రాయల్పాడు వైపున ఒకే గ్రామములో ఒక సర్వే నంబరు చెరువు క్రింద నుండును, మరియొకటి గుట్ట ప్రక్కన రాతినేలగా నుండును. ఒకనికి గొట్టపు బావిలో నీరు పడును. ప్రక్కవానికి వేయి అడుగులు త్రవ్వినను దుమ్మే వచ్చును. 2018 నుండి కె.సి. వ్యాలీ పథకముచే బెంగళూరులో శుద్ధిచేసిన నీరు కోలారు జిల్లా చెరువులకు చేరుచున్నది. నిండిన చెరువు దాపుననున్న పొలమునకును, నీరు చేరని చెరువు క్రింది పొలమునకును నేడు గల భేదము నిన్నటి పట్టికకు తెలియదు.

మామిడి సంగతి మరియు చిత్రము. తోటను తోటగా విలువ కట్టుదురు. చెట్టు ముసలిదా, కాపు తగ్గినదా, కాయకు గిరాకీ కలదా యని అడుగు గడి పట్టికలో లేదు. 2025 జూనులో తోతాపురి ధర పడిపోయి, చిత్తూరు జిల్లా అధికారులు పొరుగు రాష్ట్రముల కాయను తమ జిల్లాలోనికి రానీయమని నిషేధించినప్పుడు మన రైతులు పడిన పాట్లు ఇంకను మరపునకు రాలేదు. అట్టి యేట అప్పు తీర్చుటకై తోటను తెగనమ్ముకొనువాని ధర పడిపోవును గాని, పట్టిక విలువ పడిపోదు.

ఒక ఉదాహరణము ఊహింతము. ఒక రైతు రెండెకరముల ఖుష్కి భూమిని ఎకరము 8 లక్షల చొప్పున 16 లక్షలకు అమ్మెను. పట్టికలో ఎకరము 10 లక్షలని యున్నది. కొనువాడు 16 లక్షలపై 1,22,400 రూపాయలు చెల్లింపవలసియుండగా, 20 లక్షలపై 1,53,000 చెల్లింపవలసివచ్చును. లేని విలువకు కట్టిన పన్ను 30,600 రూపాయలు. కొనువాడు ఆ సొమ్మును అమ్మువాని ధరలోనే తగ్గించుకొనును. కడకు ఆ భారము పడునది అవసరమునకు అమ్ముకొను బీదవానిమీదనే.

ఇట్టిచోట మనవారు చేయునదేమి? తల యూచి, సొమ్ము కట్టి, ఇంటికి వచ్చి సణుగుకొందురు. కాని చట్టము అట్లు చేయుమనలేదు. 45-ఎ సెక్షను ప్రకారము, సబ్ రిజిస్ట్రారు తాను కట్టిన విలువను పక్షులకు తెలుపవలెను. వారు దానికి ఒప్పుకొని సుంకము చెల్లింపనిచో, పత్రమును నిలిపియుంచి డెప్యూటీ కమీషనరు అధికారములు గల అధికారికి నివేదింపవలెను. ఆ అధికారి ఉభయులకును చెప్పుకొను అవకాశమిచ్చి, విచారించి, నిజమైన విపణి విలువను నిర్ణయింపవలెను. ఆ నిర్ణయముపై అప్పీలు కూడ కలదు. పట్టిక అంతిమ వాక్యము కాదని సర్వోన్నత న్యాయస్థానము ఒకటికి రెండుసార్లు చెప్పినది. 1994లో జవాజి నాగనాథం వ్యాజ్యము ఆదిలాబాదునుండి వచ్చినది. సుంకము వసూలునకై తయారుచేసిన మూలవిలువల రిజిస్టరు ఆధారముగా భూసేకరణలో పరిహారమును నిర్ణయింపరాదని అందు తీర్పు. 2003లో సాయిభారతి వ్యాజ్యములో, మార్గసూచి విలువ ప్రాథమికమైన అంచనా మాత్రమే యనియు, నిజ విలువ వేరని చూపుటకు పక్షులకు అవకాశము కలదనియు చెప్పబడినది. ఈ హక్కు కాగితముపై నున్నది. దానిని వాడుకొనువారు మాత్రము మనలో అరుదు. పత్రము నిలిచిపోవునను భయము, కచేరి చుట్టు తిరుగవలెనను విసుగు, కన్నడములోనో ఆంగ్లములోనో అర్జీ వ్రాయవలెనను జంకు, ఈ మూడును కలిసి మన నోరు కట్టివేయుచున్నవి.

ఇక రెండవ విషయము. పట్టికలో 20 లక్షలున్న భూమి గట్టుమీద 40 లక్షలకు పోయినదనుకొందము. పత్రములో 20 లక్షలే వ్రాయింతురు. కొనువానికి 1,53,000 రూపాయలు మిగులును. మిగిలిన 20 లక్షలు సంచిలో చేతులు మారును. ఇద్దరును సంతోషముగా ఇంటికి పోవుదురు. ఈ సంతోషము ఎంతకాలము నిలుచును?

రహదారికో రైలు మార్గమునకో సర్కారు ఆ గ్రామములో భూమిని తీసికొన్నదనుకొనుడు. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టములోని 26వ సెక్షను విలువ కట్టు పద్ధతిని చెప్పినది. స్టాంపు చట్టము క్రింద రిజిస్ట్రేషనునకై నిర్ణయమైన విలువ ఒకటి. సమీప గ్రామములో అట్టి భూమికే గత మూడు సంవత్సరములలో రిజిస్టరైన విక్రయ పత్రములనుండి, అధిక ధరలున్న సగమును ఏరి, వాని సగటు తీయగా వచ్చిన విలువ మరియొకటి. ఇరుపక్షములు అంగీకరించిన పరిహారమున్నచో అది వేరొకటి. వీనిలో ఏది ఎక్కువయో అది మూలవిలువ. గ్రామీణ ప్రాంతములలో దానిని ఒకటినుండి రెండు వరకు గల గుణకముచే హెచ్చింతురు. అటుపైన నూటికి నూరు వంతులు సొలేషియము కలుపుదురు.

చూచితిరా! చట్టము మన గ్రామపు పత్రములనే సాక్షులుగా పిలుచుచున్నది. గ్రామమందలి అందరును పట్టిక విలువనే వ్రాసియున్నచో, అధిక ధరలున్న సగమును ఏరినను దొరకునది ఆ పట్టిక విలువయే. గుణకమును ఒకటిగానే తీసికొన్నను, 20 లక్షల మూలవిలువపై వచ్చు పరిహారము 40 లక్షలు. 40 లక్షల మూలవిలువపై వచ్చునది 80 లక్షలు. లక్షన్నర మిగుల్చుకొన్నవాడు నలుబది లక్షలు పోగొట్టుకొనును. అంతకన్న ఘోరమేమనగా, పోగొట్టుకొనువాడు ఆ అబద్ధము వ్రాసినవాడే కానక్కరలేదు. తాతలనాటి భూమిని ఎన్నడును అమ్మక, కొనక, ఎవరి జోలికిని పోక బ్రతికినవాని పరిహారము కూడ పొరుగువారి పత్రములనుబట్టియే తగ్గును. కావున పత్రములో తక్కువ ధర వ్రాయుట సర్కారునకు మాత్రమే చేయు మోసము కాదు. అది ఊరందరి భూమికిని ధర తగ్గించుట. తాను కూర్చున్న కొమ్మను తానే నరుకుకొనుటకంటె ఇది ఒక మెట్టు ముందున్నది. ఇందు ఇరుగుపొరుగులు కూర్చున్న కొమ్మలు కూడ తెగుచున్నవి.

భూసేకరణము అందరి తలుపును తట్టదని కొందరనవచ్చును. కాని ఇతరమైన నష్టములు తట్టని తలుపు లేదు. విక్రయము చెడి వ్యాజ్యమునకు పోయినచో, వ్రాతపూర్వకమైన పత్రములోని షరతులకు విరుద్ధమైన నోటిమాటను న్యాయస్థానము సాధారణముగా వినదు. సంచిలో ఇచ్చిన 20 లక్షలకు సాక్షి యెవరు? స్థిరాస్తి విషయములో 20,000 రూపాయలును అంతకు మించియు రొక్కముగా పుచ్చుకొనుట 2015 నుండి నిషిద్ధము. దానికి జుల్మానా పుచ్చుకొన్నంత సొమ్మునకు సమానము. బ్యాంకులో అప్పు అడుగబోయినచో వారు చూచునది పత్రములోని ధర. పట్టణములో నివేశన స్థలమును పట్టిక విలువకు తక్కువగా అమ్మినట్లు వ్రాసినచో, ఆ తేడా నూటికి పది వంతులను మించినప్పుడు అమ్మినవాని లాభమును పట్టిక విలువమీదనే లెక్కకట్టు సూత్రము ఆదాయపు పన్ను చట్టములో అమలులో నున్నది. 2025 నాటి నూతన చట్టమును దానిని నిలుపుకొన్నది. కొన్నవానికి కూడ అట్టి చిక్కే కలదు.

ఇంటిలోని మాట కూడ ఒకటి చెప్పవలసియున్నది. ఆడుబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగమును కర్ణాటకము 1994లోను, కేంద్ర ప్రభుత్వము 2005లోను చట్టముచే కల్పించినవి. అన్నదమ్ములు ఉమ్మడి భూమిని అమ్మి, అక్కచెల్లెండ్రకు వాటా పంచునప్పుడు ఏ ధర లెక్కకు వచ్చును? గట్టుమీది ధర అన్నదమ్ములకు తెలియును. ముళబాగిలులోనో మదనపల్లెలోనో కాపురమున్న ఆడుబిడ్డకు చూపునది పత్రము. సంతకము పెట్టుమనిన చోట పెట్టి, ఇచ్చినది పుచ్చుకొని పోవు ఆ యింటి ఆడుబిడ్డ నష్టము ఏ పట్టికలోను ఎక్కదు. సర్కారును ఏమార్చుటకు నేర్చిన విద్య తోబుట్టువును ఏమార్చుటకును పనికివచ్చుట మనము తలవంచుకొనవలసిన సంగతి.

అయితే నీతి అంతయు ప్రజలకే, బాధ్యత సర్కారునకు లేదా యని అడుగువారికి మా సమాధానము: తప్పక కలదు. విలువను పెంచి, రుసుమును కూడ రెట్టింపు చేసినచో ప్రజలు నిజము వ్రాయుదురని ఎదురుచూచుట తగదు. నిజము చెప్పినవానిపై పడు భారము మోయదగినదిగా నుండవలెను. పొరుగున తమిళనాడు అనుభవము మనకు పాఠము. 2017లో అక్కడ మార్గసూచి విలువలను నూటికి 33 వంతులు తగ్గించి, రిజిస్ట్రేషను రుసుమును ఒకటినుండి నాలుగు వంతులకు పెంచిరి. 2023లో విలువలను పూర్వపు స్థాయికి చేర్చి, రుసుమును రెండు వంతులకు దించిరి. విలువ నిజమునకు దగ్గరగా పోవుకొలది రేటు దిగుట అను సూత్రము అందు కనబడుచున్నది. మన రాష్ట్రములో 2023లో విలువ పెరిగినది. 2025లో రుసుము కూడ పెరిగినది. ఒక చేతితో నిజము చెప్పుమని, మరియొక చేతితో నిజమునకు జుల్మానా వేయుట వంటిది ఇది. సర్వే నంబరునుబట్టి నీటి వసతిని, తోట వయస్సును, దారిని లెక్కించు పద్ధతి రావలెననియు, విలువ పెరిగిన మేరకు రేటు తగ్గవలెననియు అడుగుట న్యాయమైన కోరిక. కాని సరియైన పట్టిక కావలెనన్నచో సరియైన పత్రములు కావలెను. మనము వ్రాసినదే చూచి పట్టిక కట్టువారిని, పట్టిక తప్పని మనమే నిందించుట ఎట్లు పొసగును?

ఇక ఇది భాషా అల్పసంఖ్యాకుల సంఘపు పత్రికలో వ్రాయవలసిన విషయమెట్లైనదని ఎవరైన అడుగవచ్చును. పట్టికను సవరించుటకు ముందు దాని చిత్తుప్రతిని ప్రకటించి, కొద్ది దినముల గడువులో ఆక్షేపణలను కోరుదురు. ఆ ప్రకటన కన్నడములో వచ్చును. కన్నడము మన రాజ్యభాష. మన పిల్లలు చదువుకొను భాష. సంతలో, బస్సులో మన నోట సహజముగా పలుకు భాష. దానిపై మనకు గౌరవమే గాని ఫిర్యాదు లేదు. కాని ఇంట తెలుగు మాటాడి, ఆ కాలపు చదువు కొద్దిగా చదువుకొన్న పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, సర్వే నంబర్లు, తరగతులు, ప్రత్యేక సూచనలు నిండిన ఆ పట్టికను చదివి, గడువులోపల ఆక్షేపణ వ్రాయగలరా? ఒక ప్రాంతమున నూటికి 15 నుండి 20 వంతుల వరకు అల్పసంఖ్యాక భాషవారున్నచో, ముఖ్యమైన ప్రకటనలును నియమములును వారి భాషలో కూడ ప్రచురింపవలెనని 1956 నాటి కేంద్ర ప్రభుత్వపు స్మారక పత్రము చెప్పినది. రాజ్యాంగములోని 350-బి అధికరణము క్రింద భాషా అల్పసంఖ్యాకుల కమీషనరు నియమింపబడుట ఇట్టి రక్షణలను పరిశీలించుటకే. ఇంటి పునాదిని తాకు పట్టికకంటె ముఖ్యమైన ప్రకటన మరేది?

కావున మన సంఘము చేయదగిన పనులు మూడు కనబడుచున్నవి. మొదటిది, శ్రీనివాసపురం తాలూకా చిత్తు పట్టికను తెలుగులో కూడ ప్రకటింపుమని అధికారులను వ్రాతమూలకముగా కోరుట. వారు చేయువరకు మనమే హోబళి వారీగా దానిని తెనిగించి ఈ పత్రికలో అచ్చువేయుట. రెండవది, ప్రతి గ్రామమునుండియు చదువుకొన్న ఇద్దరు యువకులు పూనుకొని, నిజధర వ్రాసిన పత్రముల నకళ్లను, పహణీలను, నీటి వసతి వివరములను ప్రోగుచేసి, పట్టికలో విలువ ఎక్కువైనచోట తగ్గింపుమని, తక్కువైనచోట పెంచుమని గడువులోపల ఆక్షేపణలు పంపుట. పెంచుమని కూడ అడుగవలెననుట కొందరికి వింతగా తోచవచ్చును. తగ్గింపుమని మాత్రమే అడుగువాని మాటకు కచేరిలో విలువ యుండదు. మూడవది, 45-ఎ సెక్షను క్రింద విచారణ కోరదలచిన బీద కుటుంబములకు అర్జీ వ్రాసిపెట్టుట, విచారణ దినమున వెంట పోవుట. మొదటివాడు గెలిచి వచ్చినచో రెండవవానికి ధైర్యము కలుగును.

ఇవి సంఘము చేయదగినవి. ప్రతి కుటుంబము చేయదగినది ఒక్కటే కలదు. రేపు సంతకము పెట్టుటకు కచేరి మెట్లెక్కునప్పుడు, దస్తావేజు లేఖరి ‘ఎంత వ్రాయమందురు?’ అని అడుగును. అతడు అడుగునది నేటి సుంకమునకై మాత్రమే కాదు. ఆ అంకె మీ మనుమల పరిహారమునకు, మీ ఆడుబిడ్డ వాటాకు, మీ పొరుగువాని భూమి విలువకు సాక్షిగా నిలుచును. సాక్షి చేత అబద్ధము చెప్పించి, తీర్పు మనకు అనుకూలముగా రావలెనని కోరుట వివేకము కాదు. గట్టుమీద చెప్పుకొన్న ధరనే కాగితము మీదను వ్రాయింతము. ఆ ధరకు న్యాయమైన సుంకమును ధైర్యముగా అడుగుదము.